కాఠిన్యము లేని క్రమశిక్షణ

శిక్షణ యనగానే కాఠిన్యము జ్ఞప్తికి వచ్చుట లోకమున సామాన్యము. గురువు కఠినుడైనగాని శిష్యునకు విద్య రాదనియు, దేహము నలిగినగాని మనస్సు గట్టిపడదనియు పెక్కుమంది తలతురు. "మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెతను ఇందుకు ప్రమాణముగా చూపుదురు. ఆ సామెత సత్యమే. కాని మొక్కను వంచుట వేరు, విరుచుట వేరు. ఈ రెంటికిగల భేదమును గుర్తించిన గురువు ఎంతటి కార్యమును సాధింపగలడో తెలిసికొనుటకు ఒక శిక్షకుని జీవితము చక్కని నిదర్శనము. ఆయన పేరు జాన్ గలార్డీ. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒక చిన్న కళాశాలలో అరువది యేండ్లు ఫుట్‌బాలు నేర్పినవాడాయన. మృదువైన విద్య నేర్పువాడు మృదువుగా నేర్పుటలో వింత లేదు. మిక్కిలి మోటుదైన ఆటను మృదువుగా నేర్పుటయే గలార్డీ ప్రత్యేకత.

ఆయన నేర్పిన ఆట మన పాఠశాలలలో ఆడెడి ఫుట్‌బాలు కాదు. అమెరికన్ ఫుట్‌బాలునందు బంతి కోడిగ్రుడ్డువలె కోలగా నుండి, రెండు కొనలు మొనతేలి యుండును. దానిని కాలితో తన్నుట తక్కువ. చేత పట్టుకొని పరుగెత్తుటయు, తోడివానికి విసరుటయు ఎక్కువ. జట్టునకు పదునొకండుగురు చొప్పున ఎదురెదురుగా నిలుతురు. ఆటస్థలము పొడవు 100 గజములు. బంతి తమ వశమున గల జట్టునకు నాలుగు అవకాశము లుండును. ఆ నాలుగింటిలో 10 గజములు ముందునకు సాగినచో మరల నాలుగు అవకాశములు లభించును. సాగనిచో బంతి ఎదుటివారి పాలగును. చివరి గీతకు ఆవల బంతిని చేర్చినవారికి 6 పాయింట్లు వచ్చును. బంతి పట్టుకొని పరుగెత్తువానిని ఎదుటిపక్షమువారు మీదబడి నేలగూల్తురు. వారిని అతని పక్షమువారు దేహములతో అడ్డగింతురు. అందువలన ఆటగాండ్రు తలకు శిరస్త్రాణములను, భుజములకు గట్టి మెత్తలను ధరింతురు. అయినను గాయములు తప్పవు. పూర్వము ఈ ఆటలో మరణములు కూడ సంభవించుచుండెను. 1905 లో నాటి అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు పెద్ద కళాశాలల ప్రతినిధులను తన సౌధమునకు పిలిపించి, ఆటను చక్కదిద్దుడని కోరవలసి వచ్చెను. మరుసటి యేడు నియమములు కొన్ని మార్చబడెను. బంతిని ముందునకు విసరుటకు అనుమతి లభించినది ఆ మార్పులలోనే.

ఇట్టి మోటు ఆటకు శిక్షణ కూడ మోటుగానే యుండవలెనని శిక్షకులు చాలకాలము నమ్మిరి. ఎండలో గంటలకొలది పరుగెత్తించుట, సాధన సమయమున సహచరులనే ఒకరి నొకరు పడగొట్టునట్లు చేయుట, దప్పిక గొన్నను నీరు త్రాగనీయకుండుట మొదలైనవి పౌరుషమును పెంచు సాధనములని ఎంచబడెను. నీరు త్రాగినవాడు మెత్తబడునని నాటి వారి విశ్వాసము. 1954 లో టెక్సాస్ ఎ అండ్ ఎం కళాశాల శిక్షకుడు బేర్ బ్రయంట్ తన జట్టును జంక్షన్ అను చిన్న ఊరికి గొనిపోయి పది దినములు సాధన చేయించెను. అది అనావృష్టి కాలము. నేల బండబారి యుండెను; ఎండ నిప్పులు చెరుగుచుండెను. సాధన నడుమ నీరు ఇయ్యలేదు. వెళ్లినవారు నూరుగురి వరకు ఉండగా, కడవరకు నిలిచినవారు నలువదిమందికి లోపే. ఒక యువకుడు వడదెబ్బకు కూలి, చావు తప్పి బయటపడెను. ఇంత చేసిన పిదప ఆ యేడు ఆ జట్టు ఆడిన పది ఆటలలో గెలిచినది ఒక్కటి మాత్రమే.

ఆ 1954 లోనే, టెక్సాసునకు చాల దూరముగా ఉత్తరమున మిన్నెసోటా రాష్ట్రములో, ఇరువదియేడేండ్ల యువ శిక్షకు డొకడు ఇందుకు పూర్తిగా విరుద్ధమైన మార్గమున తన జట్టును నడుపుచుండెను. అతడే గలార్డీ. ఆ మార్గము ఆయనకు గ్రంథములలో దొరికినది కాదు. బాల్యమున తాను పడిన బాధనుండి నేర్చుకొనినది.

గలార్డీ 1926 వ సంవత్సరము నవంబరు 1 వ తేదీన కొలరాడో రాష్ట్రములోని ట్రినిడాడ్ అను పట్టణమున జన్మించెను. అది బొగ్గుగనుల ప్రాంతము. తండ్రి ఇటలీ దేశమునుండి వలసవచ్చినవాడు. చేతిపనితో కుటుంబమును పోషించినవాడు. బాలుడు ఊరిలోని కాథొలిక్ ఉన్నత పాఠశాలలో చదువుచు ఫుట్‌బాలు జట్టునకు నాయకుడయ్యెను. అది రెండవ ప్రపంచ యుద్ధకాలము. 1943 లో పాఠశాల శిక్షకునకు సైన్యమున చేరుమని ఉత్తరువు వచ్చెను. ఆయన వెళ్లిపోయెను. మరియొక శిక్షకుని తెచ్చు స్తోమతు పాఠశాలకు లేదు. జట్టును రద్దు చేయుటకే అధికారులు సిద్ధపడిరి. అప్పుడు పదునారేండ్ల గలార్డీ ముందునకు వచ్చి, జట్టును తాము తామే నడుపుకొందుమని, తానే శిక్షణ నిచ్చెదనని వారిని ఒప్పించెను.

అధికారము చేతికి వచ్చిన బాలుడు మొట్టమొదట చేసిన పని యేమి? తన శిక్షకుడు తమకు పెట్టిన బాధలలో ఏది ఆటకు ఉపయోగించుచున్నదో, ఏది ఉపయోగించుట లేదో విచారించుట. గుంజీలవంటి అలసట గొలుపు కసరత్తులు ఆటలో ఎక్కడ ఉపయోగపడును? ఎక్కడను లేదు. వానిని మానిపించెను. దప్పిక గొన్నవాడు నీరు త్రాగినచో ఏమి చెడును? ఏమియు చెడదు. కోరినవారిని కోరినంత నీరు త్రాగనిచ్చెను. సాధనలో స్నేహితుని పడగొట్టి గాయపరచినచో శనివారమునాడు ఆడునది ఎవరు? కావున దానిని కూడ తగ్గించెను. ఇట్లు మిగిలిన కాలమునంతయు ఎవరు ఎక్కడ నిలువవలెను, ఎప్పుడు కదలవలెను, ఎవరిని అడ్డగింపవలెను అను విషయములను మరల మరల చేయించుటకు వినియోగించెను. జట్టు చెడిపోలేదు. గెలువ నారంభించెను.

ఇచ్చట ఒక విషయమును శ్రద్ధగా గమనింపవలెను. నీరు త్రాగనీయని ఆ పాత శిక్షకులు దుర్మార్గులు కారు. తమ గురువులు తమకు చేసినదానినే వారు తమ శిష్యులకు చేసిరి. ఆచారము చాలవరకు ఇట్లే సాగును. అది ఏల పుట్టినదో ఎవరును అడుగరు. అడిగినవానిని సోమరియని నిందింతురు. బాధపడినవాడు పెద్దవాడై, "మేము పడలేదా? మీరును పడుడు" అని తరువాతి వారిని బాధించును. ఈ గొలుసు ఎక్కడనో ఒకచోట తెగవలెను. తెంచుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు; తాను పడిన బాధను మరువకుండుట, అదే బాధను ఇంకొకరికి పెట్టకుండుట చాలును. గలార్డీ పదునారవ యేట చేసినది ఇంతే. ఆయన తరువాతి జీవితమంతయు ఈ ఒక్క కార్యముయొక్క విస్తరణమే.

పాఠశాలల జట్లకు శిక్షణ నిచ్చుచునే ఆయన కొలరాడో కళాశాలలో చదివి 1949 లో పట్టభద్రుడయ్యెను. ఆ యేడే మోంటానా రాష్ట్రములో హెలీనా నగరమందలి కారల్ కళాశాల ఆయనను శిక్షకునిగా నియమించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిరెండేండ్లు. శిష్యులలో కొందరు ఇంచుమించు ఆయన యీడువారే. ఆ కళాశాలలో నాలుగేండ్లు పనిచేసి 24 ఆటలు గెలిచి, 6 ఓడి, ఒక దానిని సమము చేసికొనెను. 1953 లో మిన్నెసోటాలోని కాలేజివిల్ అనుచోట గల సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయమునకు వచ్చెను. 1857 లో బెనెడిక్టు సంప్రదాయమునకు చెందిన క్రైస్తవ సన్న్యాసులు స్థాపించిన సంస్థ యది. చుట్టును అడవులు, సరస్సులు, శీతకాలమున మంచు. పేరునకు విశ్వవిద్యాలయమే యైనను పరిమాణమున చిన్న కళాశాలయే. ఆట బాగుగా ఆడు విద్యార్థులకు అందులకై వేతనము లిచ్చు పెద్ద సంస్థల వరుసలోనిది కాదు. చదువుకొనుటకు వచ్చినవారే అక్కడ ఆటయు ఆడుదురు. వచ్చిన తొలి దినములలో గలార్డీ ఫుట్‌బాలుతో పాటు మంచుమీద ఆడెడి హాకీకి కూడ కొన్నియేండ్లు శిక్షకుడుగా నుండెను. ఇట్టి చోటికి వచ్చిన యువకులు సాధారణముగా ఒకటి రెండేండ్లుండి పెద్ద పదవిని వెదకుకొని పోవుదురు. గలార్డీ 2012 వరకు, ఎనుబదియారేండ్ల వయస్సు వచ్చువరకు, అక్కడనే యుండెను.

ఆయన పద్ధతిని చెప్పవలసివచ్చినప్పుడు చేయువానికంటె చేయనివానినే చెప్పుట వాడుక. సాధనలో ఒకరినొకరు పడగొట్టుట లేదు. బరువైన ఇనుప చట్రములను భుజములతో నెట్టుట లేదు. ఈల ఊదుట లేదు. తొంబది నిమిషములకు మించిన సాధన లేదు. వానలో, మితిమీరిన చలిలో, మితిమీరిన ఎండలో సాధన లేదు. దోమలు ముసిరినచో ఆనాటికి సెలవు. ఇతర జట్లవారు సాధనకు ముందు చెమటలు పట్టునట్లు కసరత్తులు చేయుచుండగా, ఈ జట్టువారు పచ్చికపై వెల్లకిల పరుండి, ఆకాశమును చూచి, "ఎంత చక్కని దినము!" అని ఒకరితో నొకరు చెప్పుకొనెడివారు. కసరత్తులను వెక్కిరించు వినోదమే యది. నవ్వు వచ్చును. కాని నవ్వుచు పని మొదలుపెట్టినవాడు పనిని ద్వేషింపడుగదా!

లేనివానిలో మరి రెండు ముఖ్యమైనవి కలవు. మొదటిది, జట్టులో చేరవచ్చిన ఏ విద్యార్థినైనను "నీవు పనికిరావు" అని త్రిప్పిపంపుట లేదు. అందుచేత జట్టులో నూటయేబదిమందికి పైగా ఉండెడివారు. ఒకేమారు ఆడునది పదునొకండుగురే యైనను, తక్కినవారును అదే సాధన చేసి, అదే జట్టువా రనిపించుకొనిరి. ఆట చేజిక్కినదని తోచినప్పుడు వెనుకనున్న వారికి అవకాశము వచ్చెడిది. రెండవది, క్రొత్తగా చేరిన చిన్నవారిని పెద్దవారు ఏడిపించుట లేదు. కళాశాలలలో క్రొత్తవారిని అవమానించుటను ఒక వేడుకగా భావించు దురాచారము అనేక దేశములలో కలదు. మన దేశమునను కలదు. గలార్డీ జట్టులో దానికి తావులేకుండెను. ఇతరులు నీయెడ ఎట్లు ప్రవర్తింపవలెనని కోరుదువో నీవు ఇతరులయెడ అట్లు ప్రవర్తింపుము అను ఒక్క నియమము చాలునని ఆయన మతము. ఆ నియమము పాటింపబడిన చోట తక్కిన నియమముల పట్టిక పొడవుగా నుండనక్కరలేదు.

శిష్యులు తన్ను "కోచ్" అని పిలువరాదని, జాన్ అని పేరుతోనే పిలువవలెనని ఆయన చెప్పెడివాడు. గురువును పేరుపెట్టి పిలుచుట మన దేశమున మర్యాద కాదు. ఏ దేశపు మర్యాద ఆ దేశమునకు తగును. దీనిని అనుకరింపనక్కరలేదు. గ్రహింపదగిన దేమనగా, బిరుదుమూలమున వచ్చు గౌరవముకంటె ప్రవర్తనమూలమున వచ్చు గౌరవము గట్టిదని ఆయన యెరుగును. ఈల ఊదినగాని చెప్పినమాట విననివారు ఈల లేనప్పుడు వినరు. మెల్లగా పలికినను విను శిష్యులు గలవానికి ఈలతో పనియేమి?

ఇవన్నియు విన్నవారు, "ఇంత సుఖముగా నున్న జట్టు గెలిచెనా?" అని అడుగుట సహజము. అంకెలే సమాధానము చెప్పును. కళాశాల శిక్షకునిగా అరువదినాలుగేండ్లలో గలార్డీ జట్లు 489 ఆటలు గెలిచి, 138 ఓడి, 11 సమము చేసికొనెను. అమెరికా కళాశాల ఫుట్‌బాలు చరిత్రలో అన్ని విజయములను సాధించిన శిక్షకుడు ఆయనకు ముందు లేడు. చిన్న కళాశాలల జాతీయ పోటీలలో ఆయన జట్టు 1963, 1965, 1976, 2003 సంవత్సరములలో నాలుగుమారులు విజేత యయ్యెను. 2003 నాటి చివరి ఆటలో ఎదుర్కొనిన మౌంట్ యూనియన్ జట్టు అంతకుముందు వరుసగా 55 ఆటలలో ఓటమి నెరుగనిది. దానిని 24–6 తేడాతో ఓడించినది తొంబది నిమిషములకు మించి సాధన చేయని జట్టు. అప్పటికి గురువు వయస్సు డెబ్బదియేడేండ్లు.

ఆ 2003 లోనే నవంబరు 8 వ తేదీన బెతెల్ జట్టుపై 29–26 తేడాతో సాధించినది గలార్డీ 409 వ విజయము. దానితో ఆయన ఎడ్డీ రాబిన్సన్ పేరిట నున్న 408 విజయముల రికార్డును దాటెను. రాబిన్సన్ కూడ చిన్న కళాశాల శిక్షకుడే. లూసియానా రాష్ట్రములో నల్లజాతి విద్యార్థులకై వెలసిన గ్రాంబ్లింగ్ కళాశాలలో 1941 నుండి 1997 వరకు పనిచేసిన మహనీయుడు. ఆ రాష్ట్రములలో నల్లవారికి భోజనశాలలలో ప్రవేశము లేని కాలమున, జట్టుతో ప్రయాణము చేయునప్పుడు శిష్యులకు దారిలో తినుటకు రొట్టెలను తానే సిద్ధపరచిన గురువు. ఆ 408 విజయముల వెనుకను, ఈ 409 విజయముల వెనుకను ఉన్నది శిష్యుల క్షేమమును గూర్చిన చింతయే. రెండు రికార్డులును పెద్ద సంస్థలలో గాక చిన్న కళాశాలలలో పుట్టుట గమనింపదగినది.

గలార్డీ పద్ధతిపై ఆక్షేపణలు లేకపోలేదు. వానిని విడిచిపెట్టుట న్యాయము కాదు. చిన్న కళాశాలలతో ఆడి గెలిచినవాడు పెద్దవానితో ఆడినచో గెలుచునా యనునది మొదటి ఆక్షేపణ. దీనికి సమాధానము సులభము. ఆయన చిన్న కళాశాలలతో ఆడెను. ఆయన జట్టును చిన్న కళాశాల జట్టే. ఆయన విద్యార్థుల వంటి విద్యార్థులే ఎదుటి జట్లలోను ఉండిరి. సమానుల నడుమ జరిగిన పోటీలో అరువది యేండ్లపాటు ఒకే పక్షము ఎక్కువగా గెలిచినచో దానిని అదృష్ట మనరాదు.

రెండవ ఆక్షేపణ దీనికంటె బలమైనది. కఠినులైన శిక్షకులును గెలిచిరిగదా! జంక్షనులో శిష్యులను ఎండకట్టిన బ్రయంట్ రెండేండ్ల పిదప, 1956 లో, అదే కళాశాల జట్టును ఓటమిలేని జట్టుగా నడిపెను. తన జీవితమున 323 విజయములు సాధించి అమెరికాలో మిక్కిలి కీర్తి గడించెను. ఇది నిజము, దాచవలసిన పనిలేదు. కాని ఆయన గెలిచినది శిష్యులకు నీరు ఇయ్యకపోవుట వలననా, ఆటను లోతుగా ఎరిగియుండుట వలననా? నీరు ఇయ్యనందువలననే యైనచో ఆ మొదటి యేడే గెలిచియుండవలెను. ఆనాటి కాఠిన్యమును గూర్చి తరువాతి కాలమున బ్రయంటే విచారము వెలిబుచ్చెను. కఠినుడైన గురువు గెలిచినంత మాత్రమున గెలుపునకు కారణము కాఠిన్యమే యని చెప్పుట, కోడి కూసినందువలననే తెల్లవారినదని చెప్పుటవంటిది. కాఠిన్యము లేకయే గెలుచుట సాధ్యమని ఒక్కడు చూపినచో, అది తప్పనిసరి యను వాదము నిలువదు. గలార్డీ ఒక్కమారు గాక 489 మారులు చూపెను.

మూడవ ఆక్షేపణ బాలుర మేలుగోరువారు చేయునది. కష్టము లేని శిక్షణ బాలురను సోమరులను చేయునని వారి భయము. ఇది కష్టమునకును బాధకును గల భేదమును మరచుట వలన కలిగిన భయము. గలార్డీ సాధనలో బాధ తగ్గినదేకాని కష్టము తగ్గలేదు. ఒకే ఎత్తుగడను ఒక్క అడుగు కూడ తప్పకుండ వచ్చువరకు మరల మరల చేయుట కష్టమే. ఆడిన ఆటను చలనచిత్రమున చూచి, తన తప్పును తానే గుర్తించి, దిద్దుకొనుట మరియు కష్టము. బండను మోసినవాడు మోయుట అయిపోగానే తన పని ముగిసినదనుకొనును. బుద్ధిని నిలిపి పనిచేయువానికి అట్టి వెసులుబాటు లేదు. సోమరికి బండ మోయుటయే నయమనిపించును. సామాన్యమైన పనులను అసామాన్యమైన శ్రద్ధతో చేయుటయే ఆ జట్టు నేర్చిన విద్య.

ఈ భేదము చదువునకు కూడ వర్తించును. రాత్రి రెండుజాములు మేల్కొని, కనులు మూతలు పడుచుండగా పుటలు త్రిప్పిన విద్యార్థి తాను చాల కష్టపడితి ననుకొనును. అతడు పడినది బాధ. ఒక గంట కూర్చుండి, అర్థమగువరకు ఒక్క లెక్కను విడువని విద్యార్థి పడినది కష్టము. పరీక్షనాడు మొదటివానికి నిద్రలేమియు, రెండవవానికి లెక్కయు మిగులును. తప్పు వ్రాసినందుకు నూరుమారులు ఎక్కిదిగుమని బల్లనెక్కించుట బాధ. ఆ తప్పు ఎక్కడ పుట్టినదో వెదకించుట కష్టము. మొదటిదానికి గురువు శ్రమపడనక్కరలేదు. రెండవదానికి గురువును శిష్యునితో పాటు శ్రమపడవలెను. కాఠిన్యము లోకమున అంతగా వ్యాపించియుండుటకు ఇదియు ఒక కారణము. అది గురువునకు తేలిక.

గలార్డీ మార్గమును చాలకాలము ఇతరులు ఒక వింతగానే చూచిరి. మెచ్చుకొనినవారు పెక్కురు; అనుసరించినవారు కొందరే. తుదకు వైద్యశాస్త్రము ఆయన పక్షమున సాక్ష్యము చెప్పెను. తలకు మరల మరల తగులు దెబ్బలవలన, అవి చిన్నవే యైనను, మెదడునకు దీర్ఘకాలమున హాని కలుగునని ఇరువదియొకటవ శతాబ్దమున పరిశోధకులు చూపనారంభించిరి. ఆ దెబ్బలు పోటీలలోనేగాక దినదినము జరుగు సాధనలో కూడ తగులునుగదా! 2010 లో డార్ట్‌మత్ కళాశాల శిక్షకుడు బడ్డీ టీవెన్స్ తన జట్టు సాధనలో ఒకరినొకరు పడగొట్టుటను మాన్పించెను. 2016 లో ఆ కళాశాలతో పాటు హార్వర్డు, యేల్ మొదలగు ఎనిమిది ప్రసిద్ధ విద్యాసంస్థల శిక్షకులు, పోటీల కాలమున సాగు సాధనలలో ఆ పని కూడదని ఏకగ్రీవముగా తీర్మానించిరి. కొలరాడోలోని ఒక చిన్న పట్టణమున పదునారేండ్ల బాలుడు సహజమైన కనికరముతో గ్రహించిన విషయమును పెద్ద విద్యాలయములు అంగీకరించుటకు డెబ్బదియేండ్లు పట్టెను.

గలార్డీ జీవితమంతయు విజయపరంపర యే యని చెప్పుట అతిశయోక్తి. చివరి కొన్నియేండ్లలో ఆయన జట్టునకు మునుపటి విజయములు దక్కలేదు. అయినను ఓటములు వచ్చినవని ఆయన ఈలను చేతబట్టలేదు. నీటి కుండను దాచలేదు. తన పద్ధతి గెలుపుకొరకు ధరించిన వేషమైనచో ఓటమిలో ఊడిపోయెడిది. ఊడలేదు. అది ఆయన స్వభావమని దీనివలన తెలియుచున్నది. 1993 నుండి చిన్న కళాశాలలలో ఆటయందును, చదువునందును, సేవయందును శ్రేష్ఠుడైన ఫుట్‌బాలు విద్యార్థికి ఏటేట ఆయన పేరిట ఒక బహుమతి నిచ్చుచున్నారు. 2006 లో కళాశాల ఫుట్‌బాలు ప్రముఖుల కీర్తిమందిరమున ఆయనకు స్థానము లభించెను. 2012 లో పదవీవిరమణము చేసి, 2018 వ సంవత్సరము అక్టోబరు 7 వ తేదీన, తొంబదియొకటవ యేట ఆయన కన్నుమూసెను.

విద్యార్థులు రేపు పెద్దవారగుదురు. కొందరు ఉపాధ్యాయులు, కొందరు అధికారులు, ఇంచుమించు అందరును తల్లిదండ్రులు కాగలరు. అంతవరకు ఆగనక్కరలేదు; తరగతి నాయకునకు, జట్టు నాయకునకు, ఇంటిలో తమ్ముడు, చెల్లెలు గలవానికి నేడే కొంత అధికారము కలదు. అధికారము చేతికి వచ్చినప్పుడు ఎదుట రెండు దారులుండును. తాను పడినదానిని ఇతరులచేత పడవేయుట ఒకటి. తాను పడినదానిలో పనికివచ్చినది ఏది, ఉత్త బాధ ఏది యని విచారించి, బాధను తనతోనే ఆపివేయుట రెండవది. మొదటి దారి నలిగిన దారి, ఆలోచన అక్కరలేదు. రెండవదానికి జ్ఞాపకము, విచక్షణ, కొంత ధైర్యము కావలెను. 489 విజయములు అందరికి లభింపవు. కాని దప్పిక గొన్న తోడివానికి నీరిచ్చి, పిమ్మట పని నేర్పుట ఎవరికైనను సాధ్యమే. పదునారేండ్ల గలార్డీ ఆనాడు చేసిన పని అదియే.